ఎండవైపు కుర్చీలు

ఇర్వింగ్,
ఆదివారం మధ్యాహ్నం.

చంటీ,

ఒరేయ్ చంటీ, నీ కరుణక్క రాస్తోంది. ఎలా ఉన్నావు నాన్నా? మరదలు రత్నం మోకాలి నొప్పి తగ్గిందా? పింకీ కాలేజీకి సరిగ్గా వెళ్తోందా? పెద్దమ్మకి కంటి ఆపరేషన్ అయ్యాక చూపు బాగా ఆనుతోందా? మీరందరూ ప్రభువు కాపుదలలో చల్లగా ఉన్నారనే నమ్మకంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఇక్కడ నేను, సువార్త, అల్లుడు గారు బాగున్నాం. నా గురించి బెంగ పెట్టుకోకు. నిజంగానే బాగున్నాను.

ఫోను ఉండగా ఉత్తరం ఏంటి అనుకుంటావు. ఫోనులో ప్రసాదు మాట రాగానే నువ్వు ఏడుస్తావు, నీ గొంతు విని నేను ఏడుస్తాను, చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాం. మొన్న నువ్వు, "అక్కా, ఈ ఏడు వాడి జ్ఞాపకార్థ కూటం పెట్టావా?" అని అడిగావు. పెట్టాను అన్నాను. ఎక్కడ అంటే రగ్బీ గ్రౌండులో అన్నాను. కొడుకు పోయిన దుఃఖంలో అక్కకి మతి చెడిందనుకున్నావో ఏమో. అందుకే మొత్తం రాస్తున్నాను. మా చర్చి సిస్టరు ఒకావిడ విజయవాడ వస్తున్నారు, ఆవిడ చేత పంపుతున్నాను. నా చదువు నీకు తెలుసుగా. అక్షరాలు అర్థం కాకపోతే పింకీ చేత చదివించుకో.

మొదటి నుంచి చెప్తే గానీ తెలియదు. ప్రసాదుని జ్వరం తీసుకుపోయాక సువార్త నన్ను ఒక్కదాన్నే అక్కడ ఉంచలేక ఇక్కడికి, ఈ పరాయి దేశానికి తెచ్చుకుంది. అది పొద్దున్నే నర్సు డ్యూటీకి వెళ్ళిపోతుంది, అల్లుడు గారు ఆఫీసుకి. ఇర్వింగులో మన వాళ్ళు బోలెడు మంది ఉన్నారు కానీ బయట మనిషి కనపడడు, అందరూ కార్లలోనే. కొత్తిమీర కట్ట కావాలన్నా హైవే ఎక్కాలి. నేను కిటికీ దగ్గర కూర్చుని పార్కింగులో కార్లు చూసేదాన్ని. ఇక్కడి ఎండ మన నూజివీడు ఎండకి తీసిపోదు, తలుపు తీస్తే పొయ్యి ముందు నిలబడ్డట్టే. వంట చేద్దామని బియ్యం తీస్తే, చెయ్యి నాకు తెలియకుండానే ప్రసాదు వంతు కూడా పోసేది. వాడి తిండి నీకు తెలుసుగా. మిగిలిన అన్నం సువార్త విసుక్కోకుండా డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేది. అలాంటి కూతుర్ని ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం.

మా చర్చిలో ఎస్తేరు అని గుంటూరు ఆమె ఉంది. నాకంటే చిన్నది, అక్కా అని పిలుస్తుంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. క్యాటరింగు చేస్తుంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా పక్కన కూర్చుని, "అక్కా, రేపట్నుంచి నా కిచెన్‌కి వచ్చెయ్. ఉల్లిపాయలు కొయ్యడానికి మనిషి కావాలి" అంది. నావల్ల ఏమవుతుందమ్మా, ఊరికే కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి అన్నాను. "అందుకేగా ఉల్లిపాయలు ఇచ్చేది. నువ్వెంత ఏడ్చినా ఎందుకని ఎవ్వరూ అడగరు" అంది. ప్రసాదు పోయాక నేను మొదటిసారి నవ్వింది అప్పుడే చంటీ. మర్నాడు తనే కారులో వచ్చి తీసుకెళ్ళింది. అప్పటి నుంచి రోజూ తనే తీసుకెళ్తుంది, తనే దింపుతుంది.

ఎస్తేరు వండేది ఒక రగ్బీ క్లబ్బు ఆటగాళ్ళకి. ఆ ఆట నువ్వు ఒకసారి చూస్తే వదలవు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చంకలో పెట్టుకుని ఒకడు, కబడ్డీలో మనవాడు కూతకెళ్ళినట్టే, అవతలి వాళ్ళ మీదకి వెళ్తాడు. వాళ్ళు ముగ్గురు నలుగురు కలిసి పట్టు పడతారు. నడుం పట్టు, కాలి పట్టు, నువ్వు మన పిల్లలకి నేర్పేవే అన్నీ. ఆరుసార్లు పట్టు పడేలోగా గీత దాటించాలి, లేకపోతే బంతి అవతలి వాళ్ళకి ఇచ్చెయ్యాలి. కూత ఒక్కటే లేదు. మొదటిరోజు చూసి నేను కళ్ళు మూసుకున్నాను. తర్వాత తర్వాత చూడగలిగాను. దెబ్బ తగిలి పడ్డవాడు మళ్ళీ లేస్తున్నాడా లేదా అని అదొక్కటే చూస్తాను.

వాళ్ళ కెప్టెను పేరు సామూ. ఫిజీ దేశం వాడు, ఆ దేశం పిల్లలు జట్టులో ఇంకా చాలామంది ఉన్నారు. తలుపులోంచి పక్కకి తిరిగి రావాలి, అంత మనిషి. కానీ ప్లేటు ముందు తల వంచి ప్రార్థన చేసుకుంటే గానీ ముద్ద ముట్టడు. వాళ్ళ ఊళ్ళో కూడా పెద్దవాళ్ళని ఆంటీ అనే పిలుస్తారట. మన ఇండియా వాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారట, పప్పు చిన్నప్పటి నుంచి తెలుసట. నేను వెళ్ళిన కొత్తలోనే గిన్నె పట్టుకుని కిచెన్‌లోకి వచ్చి, పప్పు ఇంకొంచెం వెయ్యమని సైగ చేశాడు. వాళ్ళలో అలా వచ్చేవాళ్ళు చాలామందే. చెయ్యి బియ్యం ఎక్కువ పోసినా అక్కడ మిగలదు చంటీ. ఆ తిండి చూస్తుంటే నా కడుపు నిండేది.

అలా ఉండగా ఒకరోజు ఎస్తేరు ముఖం వేలాడేసుకుని వచ్చింది. టీవీ వాళ్ళతో ఉన్న కాంట్రాక్టు ఈ సీజనుతో అయిపోతుందట, మళ్ళీ రాసుకుంటారో లేదో తెలియదట, రాసుకోకపోతే క్లబ్బు మూసేస్తారట. నాకు బోధపడలేదు. జనం టికెట్టు కొనుక్కుని వస్తున్నారు కదా, టీవీ లేకపోతే ఆట ఆగిపోతుందా అన్నాను. మేనేజరు రాస్ గారు కాఫీ కోసం అక్కడికే వచ్చి ఉన్నారు. పెద్ద మనిషి, అయినా కిచెన్‌లో ఉల్లిపాయలు కోసేదాన్ని అని చూడకుండా ఓపిగ్గా చెప్పారు, ఎస్తేరు తెలుగులో చెప్పింది. టికెట్ల డబ్బు గ్రౌండు అద్దెకి, లైట్లకి సరిపోతుందట. ఆటగాళ్ళ జీతాలు, డాక్టరు, బస్సులు, మేం వండే తిండి, అన్నీ టీవీ డబ్బు మీదే. ఆ డబ్బు లీగుకి వస్తే, లీగు వాళ్ళు అన్ని క్లబ్బులకీ పంచుతారు. చొక్కాల మీద పేరు వేయించుకునే కంపెనీల వాళ్ళు కూడా టీవీలో కనబడతామనే ఇస్తారు. టీవీ పోతే వాళ్ళూ పోతారు. ఫిజీ పిల్లలకి జీతం లేకపోతే వీసా కూడా ఉండదు.

నాకప్పుడు నాన్న కాపలా ఉన్న మామిడితోట గుర్తొచ్చింది. పూత మీదే షావుకారు వచ్చి తోట కొనేసేవాడు, గుర్తుందా? ఆయన ఇచ్చే అడ్వాన్సుతోనే ఆసామి మందు కొట్టించేవాడు, నీళ్ళు పెట్టించేవాడు, నాన్నకి జీతం ఇచ్చేవాడు. పూత పలచగా ఉంటే షావుకారు చెట్ల కింద నిలబడి పైకి చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. ఆ ఏడు మన ఇంట్లో పొయ్యి ఎలా వెలిగేదో నీకు తెలియదు, నువ్వు చిన్నవాడివి. ఈ టీవీ వాళ్ళూ అలాంటి షావుకార్లే అన్నాను. ఎస్తేరు అది ఇంగ్లీషులో చెప్తే రాస్ గారు తల ఊపారు. "మీ అక్క కరెక్టుగా చెప్పింది. మా కుర్చీల్లో పూత లేదు. టీవీలో చూస్తే అన్నీ ఖాళీగా కనబడతాయి" అన్నారట. వచ్చే వారం శనివారం ఆటకి టీవీ కంపెనీ పెద్దలు వస్తున్నారు, ఫ్రీగా టికెట్లు ఇస్తాను, మీ చర్చి వాళ్ళని తీసుకురాగలరా అని అడిగారు.

"మన జనానికి టికెట్టు ఫ్రీ అంటే రారు సార్, బిర్యానీ ఉందంటే వస్తారు" అంది ఎస్తేరు.

ఆ శనివారమే ప్రసాదు కూటం పెట్టుకున్నాం. చర్చి హాలు కూడా మాట్లాడాం, వంట ఎస్తేరుదే. అక్కడ ఆటగాళ్ళకి, ఇక్కడ కూటానికి, ఒక్క చేత్తో రెండు చోట్ల ఎలా వండుతుంది? ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించాను. కూటం అంటే ఏంటి, వాడి పేరున ప్రార్థన చేసి నలుగురికి అన్నం పెట్టడమే కదా. వాడి సమాధి ఇక్కడ లేదు, వాడు తిరిగిన వీధి ఇక్కడ లేదు, వాణ్ణి ఎరిగినవాళ్ళు లేరు. ఆ హాల్లో పెడితే మాత్రం వాడికి దగ్గరా? కూటం గ్రౌండు దగ్గరే పెడదామని సువార్తతో అన్నాను. అది, "పాస్టరు గారిని నువ్వే అడుగు మమ్మీ" అంది.

పాస్టరు గారు మెతక మనిషి. "ఆటస్థలంలో కూటమా అమ్మా? పెద్దలు ఏమంటారో" అన్నారు.

"మా వాడు బతికిందే ఆటస్థలంలో అండి" అన్నాను.

ఆయన సరేనన్నారు. ఆదివారం ప్రకటనల్లో చెప్పేశారు.

శనివారం మధ్యాహ్నం గ్రౌండు బయట పార్కింగులో టెంటు వేశాం. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ప్రసాదు ఫోటో పెట్టాం, నువ్వు తీసింది, జెర్సీ వేసుకుని నవ్వుతున్న ఫోటో. పాట పాడాం, పాస్టరు గారు చిన్న వాక్యం చెప్పి ప్రార్థన చేశారు. అనుకున్నదానికంటే ఎక్కువ మందే వచ్చారు, దూరాన ఉన్న ఫ్రిస్కో నుంచి కూడా వచ్చారు. అందరం పట్టుచీరలతో, పిల్లాపాపలతో లోపలికి వెళ్ళాం. లోపలికి వెళ్ళి ఏం చేశామనుకున్నావు? ఎండ మండిపోతోంది. ఒకవైపు రేకుల కప్పు, చల్లటి నీడ. మన వాళ్ళకి చెప్పాలా? వాయినాలకి వెళ్ళినట్టు చక్కగా వెళ్ళి నీడలో సర్దుకుని కూర్చున్నాం. నాకైతే గర్వంగా ఉంది, రాస్ గారి కుర్చీలు నింపేశామని.

ఆట మొదలైన కాసేపటికి సువార్త ఫ్రెండు ఇంటి దగ్గర నుంచి ఫోను చేసింది. "ఎక్కడున్నారు మీరంతా? టీవీలో ఒక్కళ్ళూ కనబడట్లేదు, ఖాళీ కుర్చీలే చూపిస్తున్నారు" అంది. మాకేం అర్థం కాలేదు. ఈలోగా రాస్ గారు చెమటలు కక్కుతూ వచ్చారు. కెమెరాలు మా నెత్తి మీదే ఉన్నాయి చంటీ. సూర్యుడు ఎదురు కొట్టకుండా వాటిని ఎప్పుడూ నీడవైపే పెడతారట, అవి చూసేది ఎదురుగా ఉన్న ఎండవైపుని. వచ్చినవాళ్ళందరూ మాలాగే నీడ చూసుకుని కూర్చుంటారు, అందుకే ఆయన గ్రౌండు టీవీలో ఎప్పుడూ బోసిగా ఉంటుంది.

ఎస్తేరు నుదురు కొట్టుకుని, సగం ఆట అయ్యాక అందరూ అవతలికి నడవాలి అని చెప్పింది. ఎవరు కదులుతారు? ఒకావిడ, "ఈ ఎండలోకా? నా బీపీకి జవాబు నువ్వు చెప్తావా ఎస్తేరూ?" అంది. ఇంకొకాయన, బిర్యానీ కోసం వచ్చాం గానీ బిర్యానీలో ఉడకడానికి రాలేదన్నాడు. అందరూ నవ్వారు, ఎవ్వరూ లేవలేదు. నాకు సామూ, ఆ పిల్లలు కళ్ళలో మెదిలారు. రాస్ గారు అవతలి ఖాళీ కుర్చీలకేసి చూస్తున్నారు, అచ్చం పూత లేని చెట్ల కింద ఆసామిలాగా. నాకు ఇంగ్లీషు రాదు, పదిమందిలో మాట్లాడటం అసలే రాదు. టెంటులో వదల్లేక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ప్రసాదు ఫోటో చేతికి తీసుకుని లేచి నడవడం మొదలుపెట్టాను. సువార్త నా వెనక వచ్చింది.

పాస్టరు గారు లేచారు. "కూటం ఆ అబ్బాయిది. అబ్బాయి అటు వెళ్ళాడు. మనం ఇక్కడేం చేస్తున్నాం?" అన్నారు.

ఇంక అందరూ లేచారు. మగవాళ్ళు కార్లలోంచి గొడుగులు తెచ్చారు. లేనివాళ్ళు కొంగులు కప్పుకున్నారు, టవళ్ళు కప్పుకున్నారు. ఎండవైపు అంతా రంగురంగుల గొడుగులు. ఎస్తేరు మజ్జిగ పాకెట్లు పంచింది. బీపీ ఆవిడే అందరికంటే గట్టిగా అరిచింది, ఏ జట్టు మనదో కూడా ఆవిడకి తెలియదు. సువార్త ఫ్రెండు మళ్ళీ ఫోను చేసి, కెమెరా వాడు ఆట వదిలేసి మిమ్మల్నే చూపిస్తున్నాడు అంది. గెలిచారా అంటావు. ఓడిపోయారు.

ఆట అయ్యాక టెంటు కింద అందరికీ వడ్డించాం. బిర్యానీ, పెరుగు పచ్చడి, సేమ్యా పాయసం. ఓడిన వాళ్ళూ గెలిచిన వాళ్ళూ కలిసే తిన్నారు. నేను మొదటి ప్లేటు సామూకి ఇచ్చాను. వాడు ఫోటో చూసి, ఎవరు ఆంటీ అన్నాడు. నా కొడుకు అన్నాను. సువార్త కబడ్డీ గురించి చెప్పింది, టీవీలో చూపించే పోటీల ఎంపికకి పిలుపు వచ్చిన వారంలోనే జ్వరం వచ్చిందని చెప్పింది. వాడు అన్నీ విని ఒకటే అడిగాడు, మీద పడేవాడా, పట్టుకునేవాడా అని. మీద పడేవాడే, కూతకెళ్ళేవాడు అన్నాను. వాడు ప్లేటు పక్కన పెట్టి తన వాళ్ళని పిలిచాడు. ఫిజీ పిల్లలందరూ మట్టి కాళ్ళతో ఫోటో ముందు వరసగా నిలబడి పాట పాడారు. ఏ భాషో నాకు తెలియదు. రాగం మాత్రం మన పాటల పుస్తకంలోదే చంటీ. మొదటి చరణం అయ్యేసరికి మన వాళ్ళు కూడా తెలుగులో అందుకున్నారు. వాణ్ణి ఎరిగినవాళ్ళు ఇక్కడ లేరే అని ఏడ్చినదాన్ని, ఆ రోజు ఏడవలేదు. టీవీలో ప్రసాదు పేరేమీ చెప్పలేదు. నేనూ చెప్పమని అడగలేదు. వాడి పేరున అందరూ కడుపునిండా తిన్నారు, అదే నాకు కావాల్సింది.

ఇంక క్లబ్బు సంగతి. నెల రోజులు ఏ మాటా తేలలేదు. ఎస్తేరు రోజూ కూర రుచి చూడటం మర్చిపోయేది, రెండుసార్లు ఉప్పు వేసేది. పోయిన వారం తేలింది. టీవీ వాళ్ళు మళ్ళీ రాసుకున్నారు, కానీ ముందులా కాదు. డబ్బు తగ్గించారు, అదీ ఒక్క ఏడాదికే. ఆ మీదట మళ్ళీ చూస్తారట. గొడుగుల వల్లే కుదిరిందని ఎస్తేరు ఊరంతా చెప్పుకుంటోంది. రాస్ గారు మాత్రం, గొడుగులు చూసి ఎవరూ సంతకం పెట్టరమ్మా, లెక్కలు చూసే పెట్టారు, కానీ ఆ కాయితాల మీద మాత్రం మీ గొడుగుల బొమ్మే వేశారు అన్నారు. ఆయన నిజం చెప్పే మనిషి, అందుకే ఆయనంటే గౌరవం.

తగ్గిన డబ్బు ఎక్కడో ఒకచోట తగ్గాలి కదా. ఫిజీ పిల్లల్లో కొందరికి మళ్ళీ కాంట్రాక్టు ఇవ్వలేదు, ఇంటికి వెళ్ళిపోతున్నారు. సామూ ఉంటాడు, జీతం తగ్గించుకుని ఉంటానన్నాడు, వాణ్ణి చూసి మిగతావాళ్ళూ ఒప్పుకున్నారు. మా వంట కూడా రోజూ ఉండదు, ప్రాక్టీసు ఉన్న రోజులే. ఎస్తేరు ఒక మనిషిని తగ్గించాలి. నేనే మానేస్తానమ్మా, నాకు కూతురు ఉంది అన్నాను. దానికి కోపం వచ్చింది. "నువ్వు మానేస్తే ఉల్లిపాయలకి ఎవరేడుస్తారు?" అని, తన మేనల్లుడి చేత నడిపించే రెండో వ్యానే అమ్మేసి ఆ ఖర్చు తగ్గించుకుంది. నా పని నాకు మిగిలింది. ఇంతకంటే ఏం అడగను దేవుణ్ణి?

నిన్న వెళ్ళిపోయే పిల్లలకి చివరి భోజనం పెట్టాం. పప్పే అడిగారు. ఒకడు మారు వడ్డించుకుని ప్లేటు ముందు అలాగే కూర్చుండిపోయాడు. ఇరవై ఏళ్ళు ఉంటాయో లేదో. నేను పక్కన కూర్చున్నాను. వాడికి నా మాట రాదు, నాకు వాడి మాట రాదు. ముద్ద కలిపి చేతిలో పెట్టాను, తిన్నాడు. తల్లి దగ్గరికేగా వెళ్తున్నాడు అనుకున్నాను. అనుకోవడం తేలికే.

నువ్వు చెప్పావుగా, మన జిల్లా కబడ్డీ పోటీలు ఏదో ఛానెల్ వాళ్ళు చూపిస్తామంటున్నారని. మంచిదే, ఒప్పుకో. పిల్లలకి మంచి బూట్లు, పాలు, గుడ్లు వస్తాయి. కానీ వాళ్ళు వచ్చారని ఊళ్ళో చందాలు ఇచ్చే రైతుల్ని వదులుకోకు. షావుకారు ఒక ఏడు రాకపోయినా తోటకి నీళ్ళు పెట్టేవాళ్ళు ఉండాలి. చదువులేని అక్క మాటే అయినా విను.

సిస్టరు తిరిగి వచ్చేటప్పుడు మామిడి ఒరుగులు, రత్నం చేతి గోంగూర పచ్చడి కొంచెం పంపించు. సామూ పప్పులో ఒరుగులు వేసి చూడాలని ఉంది. ప్రసాదు సమాధికి వానలు పట్టేలోపు సున్నం వేయించు, చుట్టూ గడ్డి పీకించు. పెద్దమ్మకి, మేనత్తకి, సంఘంలో పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. వాళ్ళ ప్రార్థనలే నన్ను ఇంతవరకు నడిపించాయి, ఇక ముందు కూడా నా తల మీద వాళ్ళ చెయ్యి ఉండాలని అడిగానని చెప్పు. పింకీకి ముద్దులు. నాకు ఇక్కడ ఏ లోటూ లేదు, మళ్ళీ చెప్తున్నాను, బాగున్నాను. ఎల్లుండి ప్రాక్టీసు ఉంది, వంట ఉంది.

మిమ్మల్ని రోజూ తలుచుకునే
మీ కరుణక్క

చంటీ, గ్రౌండు నుంచి వచ్చి అలాగే పడుకోకు. వేడివేడిగా కడుపునిండా అన్నం తిను.